సీట్లు కొన్నే ఉన్నాయి

సబ్బులు అరిగిపోతే కొత్తవి తెచ్చుకోవాలి గానీ అలా తల పట్టుకుని కూర్చుంటారా అల్లుడుగారూ, అని అత్తయ్యగారు రెండు సబ్బు బిళ్ళలు తెచ్చి కీబోర్డు పక్కన పెట్టి వెళ్ళారు, నేను పైకి అనేసింది సబ్‌స్క్రైబర్లు తరిగిపోతున్నారని, ఆవిడకి వినపడింది సబ్బులు అరిగిపోతున్నాయని, నా గొంతు వీధి చివరి దాకా వెళుతుందని పేరే గానీ పక్క గదికే సరిగ్గా చేరదు, సరే, పెద్దావిడ దయ, తెర మీద నాలుగు వందల అరవై ఒకటి, కాదు కాదు అరవై, నా కళ్ళముందే ఒకరు జారిపోయారు, మంగళవారం మెయిల్లో ఉత్తరం పంపేనాటికి నాలుగు వందల ఎనభై ఏడు ఉండేవారు, ఇంకో పదమూడు మంది వస్తే ఐదొందలు, ఆ ఐదొందలకే మా ఆవిడ మాటిచ్చింది, ఐదొందల మంది మన ఉత్తరం కోసం పేరిచ్చారని చూపించండి, ఫ్యాక్టరీకి రానని చెప్పేస్తాను, లేదంటే పెట్టిన సెలవు అయిపోయి సోమవారం నుంచి మళ్ళీ అదే షెడ్డు, అదే మిషను, శుక్రవారం ఐదింటికల్లా ఏ సంగతో తేల్చమన్నాడు సూపర్‌వైజరు, ఇవాళే శుక్రవారం, టైము మూడుంబావు.

పంతొమ్మిదేళ్ళు ఆ ఫ్యాక్టరీలో మా ఆవిడ ఎడమ చేతులే కుట్టింది, నవ్వులాట కాదు, చొక్కాకి ఎడమ చెయ్యి ఆవిడ వంతు, కుడి చెయ్యి పక్కావిడ వంతు, కాలరు ఎవరిదో, ఇన్నేళ్ళలో ఒక్క చొక్కా మొదటి నుంచి చివరిదాకా ఆవిడ చేతిమీదుగా పోలేదు, నీది ఎడమ చేతి వాటమే అని నేను జోకేస్తే, మీది నోటి వాటం అనేది, ఇంటికొచ్చి పాత దుప్పట్ల మీద కొలతలు గీసుకుని మొత్తం చొక్కా నేర్చుకుంది, నేర్చుకున్నది ఊరికే ఉంచుకోలేక వారానికో పాఠం చెబుతాను ఉత్తరంగా పంపండి అంది, అక్కడ మొదలైంది మా ఆన్‌లైన్ వ్యాపారం, ఉత్తరం ఉచితం, నచ్చినవాళ్ళు కాగితం నమూనాలు కొనుక్కుంటారు, కత్తెర ఆవిడది, కలం నాది, జాబు రాసే జాబితా పెరిగితే ఆవిడకి ఇంకో జాబ్ అక్కర్లేదని నేను, ఆ మాట పదిసార్లు అన్నాక ఇక ఆపండి అని ఆవిడ.

ఆ జాబితాలో మొదటి పేరు మా వదినది, రెండోది వదిన పోరు పడలేక మా అన్నయ్యది, మూడోది ఎవరిదీ కాదు, మూడు వారాలు మూడో పేరే లేదు, అప్పుడు మా ఆవిడ బొత్తాల కొట్టు యజమానిని అడిగి ప్రతి ఆదివారం కౌంటరు చివర ఒక నోటు పుస్తకం పెట్టుకుని కూర్చుంది, జిప్పులు కొనడానికొచ్చినవాళ్ళు, అస్తరు గుడ్డ కోసం వచ్చినవాళ్ళు, వాళ్ళ చేతులతో వాళ్ళే మెయిల్ అడ్రసు రాస్తే ఒక్కొక్క అక్షరం పైకి చదివి, ఇది ఒకటి అంకా, ఎల్ అక్షరమా అండీ అని అడిగి మరీ దిద్దుకునేది, ఇలా ఐతే మనం తాబేలుకి తోబుట్టువులమే, ఐదువేల అడ్రసులు ఒక్కసారే అమ్మేవాడొకడున్నాడు అని నేనంటే కత్తెర కింద పెట్టి చూసింది, అడక్కుండా ఒక్క పేరు చేర్చినా ఊరుకోను, పిలవని ఇంటికెళ్ళి తలుపు కొడతామా, అంది, నేను నోరు మూసుకున్నాను, నా జీవితంలో అది అరుదైన ఘట్టం.

మూసుకున్న నోరు వేళ్ళలోంచి బయటికొచ్చింది, మంగళవారం ఆవిడ చదివి సరే అన్నాక ఉత్తరం అడుగున ఒక్క వాక్యం కలిపాను, సీట్లు కొన్నే ఉన్నాయి, త్వరపడండి, అని, ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు కరపత్రాలు రాసిన చెయ్యి, త్వరపడండి అనకుండా ఆగలేదు, ఉత్తరానికి సీట్లేమిటి, లక్షమందికి పంపినా అదే ఉత్తరం, కానీ మనిషికి దొరకదంటేనే దురద, చదివినవాళ్ళు స్నేహితులకి చెప్తారు, వాళ్ళు పరుగెత్తుకొస్తారు, అనుకున్నాను, పరుగెత్తారు, బయటికి, ఆవిడది కుట్టు, నాది కుట్ర, ఇప్పుడు నాలుగు వందల యాభై ఎనిమిది, నాలుగవడానికి ఇంకా పది నిమిషాలు, పక్క గదిలో గుడ్డ కత్తిరిస్తున్న చప్పుడు, కర్ర్ కర్ర్ మంటూ సూటిగా, ఆ చెయ్యి సోమవారం నుంచి మళ్ళీ ఎడమ చేతులు కుట్టాలి, నా ఒక్క వాక్యం వల్ల.

వెళ్ళేవాళ్ళని ఎందుకు వెళ్తున్నారు అని అడిగే గడి ఒకటుంటుంది, అందులో ఏం రాశారో నేను ఇప్పటిదాకా తెరిచి చూడలేదు, తిట్లు తినడానికి తీరిక లేదని సాకు, అసలు సంగతి భయం, ఇప్పుడు ఎలాగూ మునిగాను, చలేమిటని తెరిచాను, ఇరవై తొమ్మిది చీటీలు, మొదటిది రిటైరైన బస్సు డ్రైవరుది, బొత్తాల కొట్లో మనవరాలి గౌనుకి బొత్తాలు ఏరుతూ పేరిచ్చిన పెద్దాయన, ఇలా రాశాడు, గౌను కుట్టేశానమ్మా, సరిగ్గా సరిపోయింది, సీట్లు కొన్నే అన్నారు కదా, నిలబడ్డవాళ్ళుంటే కూర్చున్నవాడు లేవాలి, ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను, ఆమాత్రం తెలుసు, వెళ్ళొస్తాను, నేను కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాను, రెండోది ఒక నర్సుది, రెండు షిఫ్టులు చేస్తాను, మీ ఉత్తరం ఆదివారం దాకా చదవలేను, వచ్చిన రోజే చదివేవాళ్ళకి నా చోటివ్వండి, మూడోది అక్కచెల్లెళ్ళది, ఒకే ఇంట్లో రెండు సీట్లు పట్టుకున్నాం, తప్పయింది, చెల్లెలు తప్పుకుంటోంది, నేను చదివి వినిపిస్తాలెండి, ఇలా ఇరవై ఎనిమిది, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారనుకుని లేచి చోటిచ్చినవాళ్ళు, ఒక్కరు మాత్రం, పాఠాలు బంగారం, మధ్యలో మీ ఆయన జోకులు భరించలేకపోతున్నాం, అని రాశారు, ఆ చీటీ ఒక్కటే నాకు న్యాయంగా అనిపించింది.

ఏమోయ్ అని పిలిచాను, మామూలుగా కాదు, మెల్లగా, మెల్లగా పిలిస్తే ఆవిడకి భయమేసింది కాబోలు కత్తెరతో సహా వచ్చింది, ఏమైంది, నేను తప్పు చేశాను, ఏ తప్పు, ఈ లైను నేను కలిపాను, చదివింది, ఇది నేను రాయలేదే, నువ్వు రాయలేదు, అబద్ధం నువ్వెప్పుడు రాశావు గనక, కింద చూడు, నిలబడే చదివింది, డ్రైవరు దగ్గర ఆగింది, పెదవులు కదిలాయి, అక్కచెల్లెళ్ళ దగ్గర నవ్వింది, జోకుల చీటీ దగ్గర, ఈవిడెవరో నా బాధ తెలిసిన మనిషి, అంది, తిడుతుందని తల వంచుకున్నాను, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది, రాయండి, ఇప్పుడే, ఉన్నవాళ్ళందరికీ, సీట్లనేవి లేవని, మా ఆయన గొప్పకి పోయి రాశాడని, అలాగే రాయమంటావా, అలాగే, గొప్పకి పోయి అన్న మాట వదలకండి, మరి వెళ్ళిపోయినవాళ్ళకి, వాళ్ళు పేరు తీసేసుకున్నారు కదా, మనం వాళ్ళకి రాయకూడదు, పిలవని ఇల్లే, ఆగి ఆలోచించి, మీకు తెలిసినవాళ్ళెవరైనా లేచి వెళ్ళుంటే ఇక్కడ చోటుకి కొదవలేదని చెప్పండి అని రాయండి, అక్క చెల్లెలికి చెబుతుంది, మా బొత్తాలాయన డ్రైవరుగారికి చెబుతాడు, అంది, అత్తయ్యగారు వచ్చి ఏమిటే గొడవంటే, ఈయన చోటు లేదని చెప్పి మంచివాళ్ళని లేపేశారమ్మా అని మా ఆవిడ వాళ్ళమ్మ చెవిలో అరిచింది, అయ్యో, ఎవరూ లేవక్కర్లేదని చెప్పండి బాబూ, అన్నారావిడ, ఆ మాటే ఉత్తరానికి శీర్షికగా పెట్టాను, ఎవరూ లేవక్కర్లేదు.

పంపాను, నాలుగు వందల యాభై ఎనిమిది మందికీ ఒక్కసారే వెళ్ళింది, ఐదు కాలేదు ఇంకా, అంకె కదలలేదు, కాస్త ఆగు, తిరిగొస్తారేమో, ఐదొందలవుతాయేమో, అన్నాను, మా ఆవిడ ఆగలేదు, ఫోన్ తీసి సూపర్‌వైజరుకి, నేను రావట్లేదండీ, అంది, ఐదొందల సంగతి ఆయనకీ చెప్పి ఉంచింది, ఎంతమందయ్యారేమిటని అడిగినట్టున్నాడు, తక్కువేనండీ, మంచివాళ్ళు, అంది, పెట్టేసి మళ్ళీ కత్తెర అందుకుంది, నేను మాత్రం తెర ముందే కూర్చున్నాను, జోకు రాలేదు, ఎంత వెతికినా రాలేదు, ఇన్నాళ్ళూ వాళ్ళని మేం ఒక్కొక్కరినీ కూడబెట్టామని మురిసిపోయాను, వాళ్ళే మమ్మల్ని ఇంట్లోకి రానిచ్చారు, అడ్రసిచ్చిన రోజే జరిగి చోటిచ్చారు, ఇన్నాళ్ళూ వాళ్ళు జరిగి ఇచ్చిన ఆ చోట్లోనే మేమిద్దరం కూర్చున్నాం.