గోడ వెనక గజేన్

నవ్వు... డేరా మీద వడగళ్ళు పడ్డట్టు పడింది.

ముందు ఒకటి. తర్వాత పది. తర్వాత డేరా అంతా.

తొరాలి ఒడిలో పసివాడి చొక్కా. తడి చొక్కా. బ్రహ్మపుత్ర లాక్కుపోయిన కొడుకుది. నాటకంలో తొరాలిది తల్లి వేషం. ఆ తల్లి ఇప్పుడు ఏడవాలి. ఆమెతో పాటు రెండు వేల మంది ఏడవాలి.

రెండు వేల మందీ నవ్వారు.

బర్‌పేటలో నవ్వారు. నల్‌బారిలో నవ్వారు. ఇప్పుడు రంగియాలో — అదే మాట దగ్గర.

ఆమె తల తిప్పకూడదు. ఆ తల్లి చూపు నది మీదే ఉండాలి. నది అంటే జనమే. వెనక చెక్క గోడ — వరదకు సగం కూలిన ఇల్లు. గోడకు ఒక కిటికీ.

జనం చూపులు ఆమె భుజం మీదుగా పోతున్నాయి. కిటికీ దాకా పోతున్నాయి.

కిటికీలో ఎవరు?

అడగక్కర్లేదు. హాస్యగాడు గజేన్. ఆ సన్నివేశంలో అతనికి పని లేదు. పని లేని హాస్యగాడు ఏం చేస్తాడు? మొహం వంకర్లు తిప్పుతాడు.

ఊళ్ళు తిరగడానికి బయలుదేరేముందు, నాటకసంఘం యజమాని మహీధర్ అందరి ముందూ అన్నాడు.

"ఈ ఏడు విషాదం ఆడకపోతే, వచ్చే ఏడు హాస్యమే వేద్దాం. గజేనే హీరో."

గజేన్ పోకచెక్క నమలడం ఆపాడు. అది తొరాలి చూసింది.

అనుమానం... ఒడ్డును కింద నుంచి కోసే నీరు. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది.

మర్నాడు పొద్దున, పాలు లేని ఎర్ర టీ దగ్గర, ఆమె ఉండబట్టలేకపోయింది.

"గజేన్ అన్నా, నా ఏడుపు మీకంత ఆటగా ఉందా?"

గజేన్ గ్లాసులోకి చూశాడు.

"నేను ఊరికే నిలబడ్డా నవ్వుతారు తొరాలీ. మా అమ్మ పోయిన రోజు కూడా, నా మొహం చూసి ఊళ్ళోవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు."

"అలాంటప్పుడు అక్కడ నిలబడ్డం దేనికి?"

అతను టీ తాగాడు.

ఆ సాయంత్రం —

డేరాలో పక్కపక్కనే రెండు వేదికలు. ఎడమ వేదిక మీద పెళ్ళి సన్నివేశం దీపాలు ఆరాయి. కుడి వేదిక మీద వరద వెలుగు పడింది. చొక్కా. మాట. నవ్వు.

తొరాలి వెనక్కి తిరిగింది. పద్దెనిమిదేళ్ళ నటనలో మొదటిసారి.

కిటికీలో గజేన్ మొహం. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. కళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి. రెండు చేతులూ కిటికీ చట్రాన్ని పట్టుకుని ఉన్నాయి.

గోడ ముందుకు ఒరుగుతోంది. ఆమె మీదికి. రెండు నిలువుల గోడ... బరువంతా ఆ చేతుల మీద.

అతను మొహం వంకర్లు తిప్పడం లేదు. పంటి బిగువున గోడ మోస్తున్నాడు.

తొరాలి నవ్వింది.

నవ్వాలనుకోలేదు. వచ్చేసింది. చచ్చిపోయిన బిడ్డ చొక్కా గుండెకు హత్తుకుని, పగలబడి నవ్వింది.

జనం నవ్వు ఆగిపోయింది.

ముందు వరసలో ఒక ఆడమనిషి వెక్కింది. ఆ వెక్కు వెనక్కి, వెనక్కి పాకింది. డేరా అంతా ఏడ్చింది.

దీపాలు ఆరగానే వడ్రంగి ఫటిక్ వెదురు బొంగుతో పరుగెత్తుకొచ్చాడు. గోడకు పోటు పెట్టి, కింద తడిమి చూశాడు.

"రెండు మేకులు లేవు అక్కా! నా చేత్తో దిగ్గొట్టాను. గోడ విప్పినప్పుడల్లా రెండు తక్కువొస్తున్నాయి... చీకట్లో ఎక్కడో పడిపోయాయనుకున్నా."

తొరాలి గజేన్ వైపు తిరిగింది.

"బర్‌పేటలోనే చెప్పొచ్చుగా!"

"చెబితే? తీసింది నేనే అంటావు."

నిజమే, తొరాలి అలాగే అనేది. ఇప్పుడూ నాలుక చివర అదే మాట ఉంది.

మహీధర్ వచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఆ నవ్వు! రోజూ కావాలి నాకు. గజేన్ కిటికీలోనే ఉండాలి. ముందు జనం నవ్వాలి, తర్వాత నువ్వు నవ్వాలి, ఆ తర్వాత డేరా తడిసిపోవాలి!"

"మరి మేకులు కొట్టనా, వద్దా?" అన్నాడు ఫటిక్.

మహీధర్ అప్పటికే నాలుగడుగులు వేశాడు. వినబడలేదు.

వినబడలేదా... వినబడనట్టు నటించాడా?

వేషాల గదిలో గజేన్ ఒక్కడే కూర్చున్నాడు. తొరాలి గిన్నెలో నీళ్ళు తెచ్చింది.

"చేతులిలా ఇవ్వండి."

చాచాడు. అరచేతులకు అడ్డంగా గీతలు. ఎర్రగా.

చెక్క కోస్తే నెత్తురు ఎరుపు. తుప్పు మేకు పట్టి పీకినా ఎరుపే.

ఆమె బల్బు దగ్గరికి లాగింది. వంగింది.

"ఏం వెతుకుతున్నావు?" అన్నాడు గజేన్, మెల్లగా.

"ఏమీ లేదు... గోరు కింద పేడు గుచ్చుకుందేమోనని."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఈసారి ఆ మొహానికి ఆమెకు నవ్వు రాలేదు.

తర్వాత రెండు చేతులూ తనే నీళ్ళలో ముంచాడు.

ఆమె ఇంకా సరిగ్గా చూడనే లేదు — నీళ్ళు ఎర్రబడ్డాయి.