చప్పుళ్ళ చదువు

మేనమామ మెకానిక్, తండ్రి దర్జీ. ఇద్దరి మధ్యా నలిగిపోయింది పిల్ల. కార్లు తయారుచేసే ఇంజినీరు కావాలని ఆమె పదేళ్ళప్పుడే నిశ్చయించుకుంది. ఏ డిగ్రీలో చేరాలన్నది మాత్రం దరఖాస్తు గడువు రేపటితో ముగుస్తుందనగా కూడా తేలలేదు.

"ఆటోమొబైల్ రాయవే! పేరులోనే బండి ఉంది, ఇంకేం కావాలి?" అన్నాడు మామయ్య.

"రేపు బళ్ళన్నీ బ్యాటరీలతోనే నడుస్తాయట. ఎలక్ట్రికల్ రాయమ్మా," అన్నాడు తండ్రి, నోట్లో గుండుసూదులు తీయకుండానే.

"నువ్వు చొక్కాల సంగతి చూసుకో బావా."

"నువ్వు బాగుచేసిన దగ్గర్నుంచీ నా స్కూటర్‌కి హారన్ కొడితే లైటు వెలుగుతోంది. అందుకే ఎలక్ట్రికల్ అంటున్నా!"

వీళ్ళను నమ్ముకుంటే అయినట్టేననుకుని మర్నాడు ఆమె కాలేజీకి బయల్దేరింది. వద్దంటున్నా మామయ్య వెంటబడ్డాడు.

కాలేజీ గేటు దగ్గర ఒక పాత కారు వచ్చి ఆగింది. లోపల్నుంచి టకటకమని ఒకటే చప్పుడు. పిల్లకో జబ్బుంది: బండిలో చప్పుడు వినబడితే అదెక్కడిదో తేలేదాకా కాలు నిలవదు.

"మేడమ్, ఇంజన్ ఆపకండి!" అంటూ పరుగెత్తింది.

"మూడు షెడ్లు తిరిగానమ్మా, ఎవరికీ అంతుబట్టలేదు," అంది కారులోని పెద్దావిడ.

"ఇంజన్ దించాల్సిందే," అని తేల్చేశాడు మామయ్య.

పిల్ల డ్యాష్‌బోర్డుకు చెవి ఆనించి, అరచేత్తో అక్కడా ఇక్కడా అదిమి చూసింది. ఒకచోట అదిమితే చప్పుడు ఆగింది. గాలి వచ్చే సందులోకి రెండు వేళ్ళు దూర్చి, ఒక పెన్ను బయటికి లాగింది.

పెద్దావిడ ఫక్కున నవ్వింది. "ఇది పోయిందని ఇంటిల్లిపాదినీ సాధించాను!"

ఆవిడ అక్కడే పాఠాలు చెబుతుందని తెలిసి, పిల్ల తన గోడు వెళ్ళబోసుకుంది. ఆవిడ ఆటోమొబైల్, ఎలక్ట్రికల్, మెకానికల్ మూడు డిగ్రీల సిలబస్ కాగితాలూ తెచ్చి చేతిలో పెట్టింది.

"పేర్లు చూడకమ్మా. ఏ ఏడాది ఏం చెబుతారో చదువు. నీకు నచ్చేవి ఎందులో ఎక్కువుంటే అది రాయి."

మెట్ల మీద కూర్చుని గంటసేపు చదివింది పిల్ల. మెకానికల్ మూడో ఏడాది దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"మామయ్యా! చప్పుళ్ళ మీద, అదురుల మీద ఏకంగా ఒక సబ్జెక్టే ఉంది!"

"దానికి చదువెందుకే? సుత్తి చాలదూ?"

"కార్ల కంపెనీల్లో ఆ పనికి ప్రత్యేకంగా ఇంజినీర్లు ఉంటారండీ," అంది అప్పుడే మళ్ళీ అటు వచ్చిన మేడమ్. "బ్యాటరీ కార్లలో ఇంజన్ మోత ఉండదు కదా, చిన్న చప్పుడు కూడా చెవిలో పొడిచినట్టే ఉంటుంది. మోటార్ల పాఠాలూ తీసుకోమ్మా, మీ నాన్న మాట కొట్టిపారేసేది కాదు."

పిల్ల మెకానికల్ రాసింది. సీటు వచ్చింది. మోటార్ల పాఠాలూ తీసుకుంటుందని విని, తండ్రి తన మాటే నెగ్గిందని వీధంతా చెప్పుకున్నాడు. మామయ్య నాలుగు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, ఐదో రోజు ఆ సిలబస్ కాగితాలు అడిగి తీసుకున్నాడు. ఒకచోట ఆగి, "వెల్డింగ్ కూడా చెబుతారా! వాళ్ళు నేర్పేలోగా నేను నేర్పుతా, పద," అన్నాడు.

ఆమె వేసిన మొదటి అతుకు పకోడీలా వచ్చింది. మామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కడుపుబ్బ నవ్వి, ఇంకో ఇనుప ముక్క చేతికిచ్చాడు.