మణికట్టుకు కట్టని పానా

మా అత్తగారింటి ముందుగదిలో గోడకు ఉన్నది ఒకటే మేకు. పదకొండేళ్లుగా దానికి నా పెళ్లిఫొటో వేలాడేది. మా తోడల్లుడికి శౌర్యపతకం వచ్చిన రోజున దాన్ని దించి ఆయన ఫొటో తగిలించారు. నాది బీరువా వెనక్కి వెళ్లింది. ఒళ్లు మండింది. మండదా మరి, పెద్దల్లుణ్ణి నేను.

ఇద్దరం ఒకే జలాంతర్గామిలో పనిచేశాం. ఆయన అధికారి, నేను ఇంజను గదిలో మెకానిక్‌ని. ఇంట్లో ఆయన నన్ను అన్నయ్యా అనాలి, నీళ్లలోకి దిగితే నేను ఆయనకు సెల్యూట్ కొట్టాలి. అదే నాకు మింగుడుపడేది కాదు.

యుద్ధంలో ఒకరోజు శత్రునౌక సరిగ్గా మా నెత్తిమీదే తచ్చాడింది. చిన్న చప్పుడైనా పైవాళ్లు పసిగట్టేస్తారు. చెప్పులు విప్పేశాం, ఫ్యాన్లు ఆపేశాం, సైగలతోనే మాట్లాడుకున్నాం. మెకానిక్‌లందరూ పానాను తాడుతో మణికట్టుకు కట్టుకోవాలని మా తోడల్లుడి ఆజ్ఞ. అందరూ కట్టుకున్నారు. మరదలి మొగుడు చెబితే వినేదేమిటని నేను మాత్రం కట్టుకోలేదు.

చెమటచేతిలోంచి పానా జారి ఇనుపరేకు మీద ఖంగుమంది. ఆయన తల తిప్పి చూశాడు. ఆ మూల ఉన్నది మేమిద్దరమే. కాసేపటికే పైనుంచి బాంబులు. పైపు పగిలి నీళ్లు ఎగజిమ్మాయి. నేను కొయ్యబారిపోయాను. ఆయన మెడలోతు నీళ్లలోకి దిగి, బిగుసుకుపోయిన వాల్వును బలవంతాన తిప్పి మూశాడు. నలభైమందిమి బతికాం. ఆయన కుడిచేతి రెండు వేళ్లు అక్కడే నలిగిపోయాయి.

పతకం వచ్చిన వారం అందరం భోజనాలకు కూర్చున్నాం. ఎవరిదో పానా పడిందని పేపర్లో చదివిన మామగారు, ఇంతకీ ఆ ప్రబుద్ధుడెవరని అడిగారు. నేను తల వంచుకుని పప్పన్నం కలపసాగాను.

"నేనే మామయ్యా, చెయ్యి జారింది," అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా.

మామగారు కళ్లు తుడుచుకున్నారు. తప్పు ఒప్పుకోవడానికి ఇంకా పెద్ద గుండె కావాలన్నారు. అత్తగారు అడక్కుండానే మా తోడల్లుడికి మళ్లీ వడ్డించారు. తప్పు నాది, దానికీ పేరు ఆయనకే! ఇక ఉండబట్టలేకపోయాను.

"పడేసింది ఆయన కాదు, నేను."

ఆయన మూడు వేళ్లతో గ్లాసు అందుకుని మెల్లిగా నీళ్లు తాగాడు. మా ఆవిడ నా మోచేయి గిల్లింది.

"చాల్లెండి. ఆఖరికి ఇందులో కూడా మరిదిగారితో పోటీయేనా?"

అందరూ నవ్వారు. మామగారైతే పొలమారేదాకా నవ్వారు.