బోర్లాగిన్నెలో వెనక సీటు

బోర్లాగిన్నెకు రెండు గుణాలు. ఎండాకాలంలో వేడి ఆగదు, చలికాలంలో వేడి రాదు. ఈ మాట వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గిన్నె బోర్లించినట్టు గుండ్రంగా ఉండే ఆ పాత కారుకు ఆ పేరు పెట్టింది కూడా వీధివాళ్లే. మామగారు మాత్రం దాన్ని కారు అని కూడా అనరు, ‘మనది’ అంటారు. ‘మనది బయటికి తీయరా’ అని కొడుకును కేకేస్తే పక్కింట్లో వాళ్లు తమ సైకిలు అడ్డు తీసేవారు.

మామగారు స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. వచ్చేపోయే రైళ్లన్నిటికీ జెండా ఊపిన మనిషి మనసు పారేసుకున్నది ఈ ఒక్క బండి మీదే. ఇంటికి ఎవరొచ్చినా కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే దాని గొప్ప మొదలయ్యేది. ఇంజిను వెనక ఉంటుంది. దాన్ని చల్లబరచడానికి నీళ్లుండవు, గాలే. ఒక పంకా ఆ గాలిని ఇంజిను మీదికి తోస్తుంది. అందులో కొంత గాలి పొగగొట్టాల చుట్టూ ఉన్న రేకు తొడుగుల్లో దూరి, వేడెక్కి, తలుపుల కింద బోలు గొట్టాల్లోంచి లోపలికి వచ్చి కూర్చున్నవాళ్ల కాళ్లకు తగులుతుంది. ఇంజిను పారేసే వేడిని మనం వాడుకుంటున్నాం, ఇంతకన్నా తెలివి ఇంకేముంటుంది, అని ఆయన ముగించేవారు.

కోడలు కాలేజీలో రసాయన శాస్త్రం చదివింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ వర్ణన మొదటిసారి విన్నప్పుడు, మధ్యలో ఆ రేకు తుప్పుపట్టి చిల్లి పడితే పొగ కూడా లోపలికి వస్తుంది కదా మామయ్యగారూ అని అడిగింది. ఆయన నవ్వి, మనదానికి తుప్పేమిటమ్మా అన్నారు. ఇంట్లో అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె ఏ సంగతి మీద నోరు తెరిచినా, కెమిస్ట్రీ మేడమ్‌గారు ఏదో సెలవిస్తున్నారు అని భర్త ఆటపట్టించడం అలవాటైపోయింది. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే అదో తంటా.

ఆ కారుకు తలుపులు రెండే. ముందు సీటు మామగారిది. నడిపేది భర్త. వెనక మామగారి వైపు అత్తగారు, భర్త వైపు తను, మధ్యలో పిచ్చుక. పిచ్చుకంటే కూతురే. నోరు ఒక్కక్షణం ఊరుకోదని తాతే ఆ పేరు పెట్టాడు. వెనక్కి వెళ్లాలంటే ముందు సీటు మడిచి, తల వంచి, దాదాపు పాకుతూ దూరాలి. బయటికి రావాలంటే ముందు మగవాళ్లు దిగాలి, సీటు మడవాలి. వెనక అద్దాలు దించడానికి వీల్లేదు. చిన్న గొళ్లెం తిప్పితే బొటనవేలు పట్టేంత తెరుచుకుంటాయి, అంతే. ముందు సీటు వెనక్కి వచ్చి మోకాళ్లకు తగలగానే ఆమెకు ప్రతిసారీ అడకత్తెరలో పోకచెక్కలా అనిపించేది. ఈ మాట పైకి అంటే, మరి మీ అత్తయ్య ఇన్నేళ్లు ఎలా కూర్చుంది అంటారు. అది నిజమే కాబట్టి ఊరుకునేది.

చలికాలం ప్రయాణాల తర్వాత తలకు గట్టిగా గుడ్డ బిగించి కట్టినట్టు నొప్పి వచ్చేది. పిచ్చుక కాస్త పెరిగాక దానికి వాంతులు మొదలయ్యాయి. కొందరు పిల్లలకు ప్రయాణం పడదులెండి అన్నాడు డాక్టరు. అద్దాలు మూసిన కారులో కాలిన నూనె వాసన, వేడెక్కిన ఇనుము వాసన కలిసి ఉండేవి. మామగారు దాన్ని ముక్కు నిండా పీల్చి, బతికున్న ఇంజిను వాసన ఇది అనేవారు. కాకిపిల్ల కాకికి ముద్దు.

విచిత్రమేమిటంటే అత్తగారికి ఏమీ అయ్యేది కాదు. తల నొప్పెట్టదు, కడుపులో తిప్పదు. ఆమెది ఒక్కటే ఫిర్యాదు: కాళ్లు చల్లబడుతున్నాయి, వేడి రావట్లేదురా. ఆ మాట కోసం కొడుకు ప్రతి చలికాలం కారు కింద దూరి పడుకునేవాడు. సర్వే ఆఫీసులో పటాలు గీసే మనిషి, దేన్నీ సగంలో వదలడు. వేడి వదిలే మూతను లాగే తీగ మార్చాడు. గొట్టాల అతుకులు బిగించాడు. ఒక ఏడాది ఎండలు తట్టుకోలేక ఏసీ కూడా పెట్టించాడుగానీ, ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఆయాసపడి నడిచేవాళ్లకన్నా వెనకబడుతుంటే విప్పించేశాడు. ఏం చేసినా చలికాలం రాగానే అమ్మది అదే మాట. కోడలికి లోపల మంటగా ఉండేది. తన కాళ్ల దగ్గర సెగ తగులుతూనే ఉంటుంది కదా, ఈవిడకెందుకు రాదు? గొళ్లెం తేలిగ్గా తిరిగే వైపు కూర్చుంటుంది, దాన్ని తెరుచుకుంటుంది, మళ్లీ చలంటుంది. అత్త మాటకు ఎదురేముంది అనుకుని సరిపెట్టుకునేది.

ఈ ఏడాది భర్త పట్టుదలకు పోయాడు. పాత సామాన్ల కొట్లో దొరికిన చిన్న బ్లోయరొకటి తెచ్చి గొట్టానికి తగిలించాడు. ఇంజిను మెల్లగా తిరుగుతున్నా అది వేడిగాలిని బలంగా తోస్తుంది. చలిగాలి దూరకుండా వెనక అద్దాల చుట్టూ రబ్బరు జిగురు పూశాడు. ఈసారి అమ్మ శాలువా తీసి పక్కన పెట్టకపోతే నా పేరు మార్చుకుంటా అన్నాడు.

కొండలకు అవతలి ఊళ్లో ఆడపడుచు ప్రసవించింది. అందరూ బయల్దేరాలి. పిచ్చుకా నేనూ బస్సులో వస్తాం అని కోడలు ముందురోజే అడిగింది. పిల్ల ఒంట్లో ఏదో చేరుతోందని ఆమెకు గట్టి అనుమానం. అనుమానమే, చూపించడానికి రుజువేమీ లేదు. ఇంట్లో కారు పెట్టుకుని బస్సా, నాన్న ఏమనుకుంటారు అని భర్త ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మామగారు పేపరు మీంచి తల ఎత్తకుండానే, బస్సులో అయితే తలనొప్పి రాదా అమ్మా, అది తల లోపలి సంగతి అన్నారు. అప్పుడు అత్తగారు శాలువా మడతపెడుతోంది. చెయ్యి ఆపి, కోడలి వైపు ఒకసారి చూసి, మడత విప్పి మళ్లీ మొదట్నుంచీ పెట్టింది.

కొండ సగం ఎక్కాక దారిలో రాళ్లు పడ్డాయని బళ్లన్నీ ఆగిపోయాయి. పొగమంచులో ముందున్న లారీ వెనక దీపాలు తప్ప ఇంకేం కనబడటం లేదు. వెనక ఒక బస్సు వచ్చి ఆగింది. చాలామంది ఇంజిన్లు ఆపి, దిగి, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు. బోర్లాగిన్నె మాత్రం ఆగలేదు. ఇంతకన్నా మంచి పరీక్ష దొరకదని భర్త బ్లోయరు మీట నొక్కాడు. లోపల పెద్ద తుమ్మెద దూరినట్టు రొద. సెగ గుప్పున వచ్చింది.

‘వస్తోందా అమ్మా?’ అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

అత్తగారు పాదం కాస్త ముందుకు జరిపి, రావట్లేదురా అంది. అతను నమ్మలేక మీట ఇంకాస్త నొక్కాడు. మామగారు కోటు బొత్తాలు విప్పుకుని, నీ తల్లికి నిప్పుల కుంపటి మీద కూర్చోబెట్టినా చలే అన్నారు. తండ్రీ కొడుకులు నవ్వుకున్నారు.

పిచ్చుక మాట్లాడటం మానేసింది. కొండ ఎక్కుతున్నంతసేపూ లారీల రంగులు చెబుతూ వచ్చిన పిల్ల, అమ్మా తల బరువుగా ఉంది అని ఒళ్లోకి ఒరిగిపోయింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. కోడలు చెంప తట్టి పిలిచింది. కళ్లు సగం తెరిచి మళ్లీ మూసేసింది. మామూలు నిద్రలో పిల్లను కదిపితే విసుక్కుంటుంది. ఇది విసుక్కోలేదు. తనకూ తల చుట్టూ గుడ్డ బిగుసుకుంటోంది.

అద్దం దించమంది. ఇప్పుడేగా వెచ్చబడింది అంటూ భర్త వేలంత దించాడు. మంచు ముఖానికి కొట్టిందని మామగారు విసుక్కుంటే మళ్లీ ఎత్తేశాడు. ఆమె వెనక అద్దం గొళ్లెం పట్టుకుని తిప్పింది. గొళ్లెం తిరిగింది, అద్దం రాలేదు. అరచేత్తో తోసింది. రబ్బరు జిగురు బాగా ఆరింది. భర్త ఏ పని చేసినా గట్టిగానే చేస్తాడు.

అప్పుడే కాళ్ల దగ్గర ఏదో కదిలింది. అత్తగారి వైపు నేలబారున ఉన్న గాలి రంధ్రంలోంచి బ్లోయరు తోపుకు ఒక ఉన్ని ముద్ద ఊడి వచ్చి, కారు నేల మధ్యలో ఎత్తుగా ఉన్న గట్టు మీద పడింది. అత్తగారు పాదంతో తడుముతూ దాన్ని వెనక్కి లాక్కోబోయింది. కోడలు వంగి ముందే అందుకుంది. పాత మేజోడు. ఉండలా చుట్టి, దారంతో కట్టి ఉంది. రంధ్రంలోకి దూరే కొస నల్లగా మసిపట్టి ఉంది.

వేడి ఎందుకు రావట్లేదో ఇన్నాళ్లకు తెలిసింది. ముందు ఒళ్లు మండింది. మసిపట్టిన కొస వాసన చూశాక మంట చల్లారి, దాని స్థానంలో భయం వచ్చింది.

‘ఎప్పట్నుంచి అత్తయ్యా?’ అంది గొంతు తగ్గించి.

అత్తగారు ముందు సీట్ల వైపు చూసి, శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. కొడుకు కడుపులో ఉన్నప్పుడు ఇదే సీట్లో స్పృహ తప్పిందట. ఆడవాళ్లకు తల బలహీనం అన్నారట ఆయన. డాక్టరు టానిక్కు రాశాడు. నిజంగా తన తలే మంచిది కాదేమో అనుకుందట. ఒకరోజు ఎందుకో పిల్లాడి మేజోడు అక్కడ కుక్కింది. ఆ రోజు తల నొప్పెట్టలేదు. అంతే, ఇక మానలేదు. బండిని పెద్దకొడుకులా చూసుకునే మనిషితో ఇది ఎలా చెప్పడం? వెచ్చగా ఉందా అని కొడుకు అడిగితే, ఉందని అబద్ధం ఆడలేక రావట్లేదంటూ వచ్చింది. ఆ మాట పట్టుకుని వాడు ప్రతి ఏడూ బిగిస్తూ వచ్చాడు.

‘నా వైపు కూడా ఒక రంధ్రం ఉంది కదా. నాకు చెప్పొచ్చుగా.’

‘చెబితే నువ్వు ఊరుకోవుగా,’ అంది అత్తగారు.

కోడలు పిల్లను భుజానికి ఎత్తుకుంది. మెడ వాలిపోతోంది. ఇంజిను ఆపండి, దిగాలి అని భర్త భుజం పట్టి కుదిపింది. ఇంకాసేపట్లో దారి ఇస్తారట, ఈ మంచులో పిల్లను ఎక్కడ దించుతావు అన్నాడతను. కెమిస్ట్రీ మేడమ్‌గారికి మళ్లీ తలనొప్పి వచ్చినట్టుంది అన్నారు మామగారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ముందు సీట్లు రెండూ నిండుగా ఉన్నాయి. వాటి వెనక ఇద్దరు ఆడవాళ్లు, స్పృహ లేని పిల్ల.

అత్తగారు కోడలి చేతిలోంచి మేజోడు తీసుకుంది. మామగారి భుజం మీంచి చెయ్యి ముందుకు చాచి, ఆయన ఒళ్లో పడేసింది.

‘ఇంతకాలం ఆ వేడి రాకుండా ఆపింది నేనే,’ అంది. ‘అది వేడి కాదు, పొగ. నా తలకేం కాలేదు, అప్పుడూ కాలేదు. పిల్ల కళ్లు తెరవట్లేదు. దిగండి. మీరు దిగితేగానీ మేం దిగలేం.’

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయన ఏదో ఒకటి అనేవారేమో. మామగారు ఒళ్లో నల్లటి ఉండ వైపు చూస్తూ ఉండిపోయారు. కొడుకు మాత్రం పిచ్చుకా అని పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. మూడోసారి పిలవకుండా ఇంజిను ఆపి, తలుపు తోసి కిందికి దూకాడు. సీటు మడిచి పిల్లను లాక్కున్నాడు. ఆ సందులోంచి కోడలు మోకాళ్ల మీద పాకుతూ బయటపడింది. అవతలి తలుపులోంచి మామగారు, ఆయన వెనకే అత్తగారు దిగారు.

మంచు గాలి కొట్టగానే పిల్ల ఒళ్లు జలదరించింది. తండ్రి చొక్కా నిండా కక్కింది. తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక కోడలు రోడ్డు పక్కన రాతి మీద కూలబడి ఊపిరి తీసుకుంది. బస్సులోంచి ఒక నర్సు దిగి వచ్చింది. నాడి చూసి, కళ్లు చూసి, లోతుగా గాలి పీల్చమని పిల్లకు ఆటలా నేర్పింది. దిగువన ఊళ్లో ఆసుపత్రి ఉంది, ముందు అక్కడ చూపించండి, ఈ కారులో మాత్రం కాదు అంది. భర్త తడిసిన చొక్కాతోనే నిలబడి, రబ్బరు నేనే పూశాను అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. కోడలు పిల్ల మూతి తుడిచింది. ఇప్పుడు అతన్ని ఓదార్చే ఓపిక లేదు.

ముందు లారీ కదిలింది. బస్సు హారను కొట్టింది. పిల్లను భుజాన వేసుకుని బస్సు వైపు నడవబోతూ కోడలు ఒకసారి వెనక్కి చూసింది. భర్త ముందు అద్దాలు పూర్తిగా దించుతున్నాడు. మామగారు ఇంకా కారు పక్కనే నిలబడి ఉన్నారు, ముందు సీటెక్కలేదు. ఆయన మాటే చెల్లాలి, తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వెనక నేను కూర్చుంటాను, ఆ బ్లోయరు వేయరా, ఏమవుతుందో చూద్దాం అన్నారు. ఎవరూ కాదనకముందే తల వంచి, మోకాలు తగిలించుకుని, వెనక్కి దూరారు. సీటు యథాస్థానానికి వచ్చి ఆయన మోకాళ్లకు ఆనింది. అత్తగారు ముందు సీట్లో కూర్చుంది. అంత విశాలంగా కాళ్లు చాపుకోవచ్చని తెలియదు కాబోలు, ముడుచుకునే కూర్చుంది.

వెనక ఆయన చెయ్యి గోడంతా తడుముతోంది. అద్దం కింద, మూల దగ్గర, మళ్లీ అద్దం కింద.

‘ఏమేవ్, తలుపు పిడి ఏది ఇక్కడ?’

‘ఉండదండి,’ అంది అత్తగారు.

కొడుకు వేలు మీట దగ్గరికి వెళ్లింది. ఆమె ఆ వేలు పట్టుకుని పక్కకు తీసి, వేడి వదిలే మూతను కూడా చివరిదాకా మూసింది. తర్వాత తన శాలువా తీసి, వెనక్కి తిరగకుండానే, సీటు మీంచి ఆయనకు అందించింది.