దబావ్

డ్రాయింగులో ఒక చిన్న ఉక్కు కడియం ఉండాలా, పోవాలా అన్నది ప్రసూన ఆ సాయంత్రంలోగా తేల్చాలి. దాన్ని తీసేద్దామని రాసిందీ తనే. ఇప్పుడు బెంగుళూరు ఆఫీసు వాళ్ళు, ఖాయమేనా అని అడుగుతున్నారు.

విమానం ఇంజను తన పక్కనున్న జనరేటరును ఒక ఇరుసుతో తిప్పుతూ ఉంటుంది. జనరేటరులో బేరింగు చెడి బిగుసుకుపోతే ఆ బిగువు ఇరుసు మీదుగా ఇంజను దాకా పాకుతుంది. అందుకే రెంటినీ విడదీసే ఏర్పాటు ఉండాలి. పైలట్ మీట నొక్కగానే ఒక కొక్కెం వచ్చి ఇరుసు మీది మరలో పడుతుంది. ఇరుసు తిరుగుతూ తిరుగుతూ తనే వెనక్కి జరిగి, దాని పళ్ళు అవతలి పళ్ళలోంచి ఊడివస్తాయి. ఏళ్ళ తరబడి ఊరికే పడి ఉన్న కొక్కెం అడిగిన ఆ ఒక్కసారి కదిలి తీరాలి. అడగనప్పుడు కదలకూడదు. గాల్లో విడిపోయింది గాల్లో కలవదు. కిందికి దిగి ఇంజను ఆగాక, ఎవరైనా ఆ కడియం పట్టుకుని చేత్తో లాగితేనే మళ్ళీ కలుస్తుంది.

కడియం అంటే బరువు. పైగా దానికోసం ఇంకో స్ప్రింగు, ఇంకో సీలు, చెడటానికి ఇంకో చోటు. ఒకసారి విడిపోయిన జనరేటరును మళ్ళీ నమ్మేదెవరు? ఎలాగూ విప్పి వర్క్‌షాపుకు పంపుతారు. ప్రసూన వాదన అది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా పొద్దుటి నుంచీ 'ఖాయమే' అన్న ఒక్క మాట టైపు చెయ్యలేకపోయింది.

మామగారు సూర్యం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బిలాస్‌పూర్ రైల్వే యార్డులో బోగీలు కలిపి విడదీసే షంటింగు పని చేసి రిటైరైన మనిషి. కొడుకు దిలీప్ డ్యూటీకి వెళ్ళిన వేళ చూసుకుని వచ్చాడంటేనే ఏదో ఉంది.

"అమ్మీ, మీ శివాజీ వస్తన్నాడు. నానే పిలిచీసేను. నువ్వు రమ్మన్నావని చెప్పేను."

ప్రసూన కుర్చీలోంచి లేచింది. "నేను రమ్మన్లేదు కదా మావయ్యా."

"నేదు. అబద్ధమే ఆడేను."

శివాజీ ఆమె అన్న. సీపత్‌ బొగ్గు కరెంటు ప్లాంటులో కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. ఇక్కడికి గంట దారి కూడా లేదు. ఐదేళ్ళుగా మాటల్లేవు. అప్పుడు మూడోసారి కడుపు నిలవక ఆమె ఆస్పత్రి నుంచి వచ్చి వారం కాలేదు. దగ్గర్లోని కోటాలో ఒక పెళ్ళిలో శివాజీ నలుగురిలో కూర్చుని, "మా చెల్లి మెషీన్లకి తల్లి" అన్నాడని, అందరూ పగలబడి నవ్వారని పెద్దమ్మ కూతురు స్వాతి ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేసి ప్రసూన అన్న నంబరును బ్లాక్ చేసింది. ఏడవలేదు. తన చేతి నిబ్బరానికి తనే ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత చాలాకాలం ఆ నిబ్బరం కొంచెం గర్వంగా కూడా ఉండేది.

"ఇంత చదూకున్నావు, నీకు తెల్దేటి?" అన్నాడు సూర్యం. "బోగీ ఇప్పాలంటే కప్లింగు బిగిసి ఉండగా వస్తాదేటి? దబావ్ ఇయ్యమని డ్రైవరుకి చెయ్యూపుతాం. ఇంజను కాసింత వెనక్కి నెడితే రెండూ దగ్గరవుతాయి. బిగువు ఒదుల్తాది. అప్పుడు ఇప్పుకో. అన్నని ఒద్దనుకుంటే ఒద్దనుకో. ఇప్పడానికైనా దగ్గరకి రావాల."

లోపల్నుంచి అత్తగారు అసిరమ్మ గొంతు వినిపించింది. "అచ్ఛా, ఇంట్లో కూడా జెండాలూపుతన్నాడు ముసలాడు."

"విమానంలో దబావ్ కుదరదు మావయ్యా," అంది ప్రసూన. కోపం దారి మళ్ళి తనకు తెలిసిన విషయం మీదికి పోయింది. "లాగుతుండగానే విడిపోవాలి. ఆ లాగుడే విడదీస్తుంది."

"అలగైతే అది ఇప్పడం కాదు. తెంపడం."

"తెంపడం కాదు. పళ్ళు ఒక్కటి కూడా చెక్కుచెదరదు. తెంపడమే కావాలంటే అంత మర దేనికి? ఇరుసును ఒకచోట సన్నగా చేసి ఊరుకుంటే చాలు, బరువెక్కువైతే అదే పుటుక్కుమంటుంది."

సూర్యం సరేనన్నట్టు తల ఊపి వరండాలోకి పోయాడు. గెలిచిన ప్రసూన తెర ముందు కూర్చుండిపోయింది. పళ్ళు చెక్కుచెదరకుండా విడదీసేది మళ్ళీ కలిసే రోజు కోసమే కదా. కడియం తీసేశాక ఆ పళ్ళను అంత భద్రంగా కాపాడటం దేనికి?

ఇంకోటి కూడా ఉంది. ఆమె దానివైపు ఎప్పుడూ తిన్నగా చూడలేదు. విడిపోయి వచ్చిన ప్రతి జనరేటరులోనూ ముందు నూనె బిరడా తీసి చూస్తారు. దాని చివరనున్న అయస్కాంతానికి ఉక్కు రజను పట్టి ఉంటే బేరింగు నిజంగా అరిగినట్టు. లేకపోతే తప్పుగా వెలిగిన హెచ్చరిక దీపం చూసి పైలట్ మీట నొక్కాడన్నమాట. మీట నొక్కిన పైలట్‌ను ఎవరూ తప్పు పట్టరు. బిరడా తీసి చూడని మెకానిక్‌ను మాత్రం క్షమించరు. ఈ ఐదేళ్ళలో తను బిరడా తియ్యలేదు; ఆ మాట నిజంగా అన్నావా అని అన్నను అడగలేదు. రజను ఉంటుందని కాదు భయం. ఉండదేమోనని.

శివాజీ వచ్చాడు. చెప్పుల మీద సీపత్ బూడిద. జుట్టు బాగా పల్చబడింది. కూర్చోమని ఎవరూ అనకముందే వరండా గట్టు మీద కూర్చున్నాడు.

"రమ్మన్నావంట," అన్నాడు.

"నేను రమ్మన్లేదు. మావయ్య అబద్ధం చెప్పాడు."

"నాకూ డౌటు వచ్చింది. అయినా వచ్చీసేను." చేతిలోని హెల్మెట్టును పక్కన పెట్టాడు. "ఎల్లిపొమ్మంటే ఎల్లిపోతాను."

ఆమె లోపల ఏదో లాగి పట్టినట్టుంది. ఆ లాగుడు మీదే అడిగేసింది. "కోటా పెళ్ళిలో ఆ మాట అన్నావా?"

ఏ మాట అని అతను అడగలేదు.

"అన్నాను. తాగి కాదు, మామూలుగానే. పెళ్ళికూతురి మరిది మీ చెల్లి ఏటి చేస్తాదని అడిగేడు. విమానాల మెషీన్లు చేస్తాది, ఆటికి తల్లిలాటిది అన్నాను. గొప్పకే అన్నాను పసూ. ఆళ్ళు నవ్వేరు." పక్కనున్న హెల్మెట్టును కాస్త అవతలికి జరిపాడు. "ఎందుకు నవ్వేరో తెలీడానికి ఒక్క సెకను పట్టింది. తెలిసేక కూడా నవ్వేను. ఆళ్ళతోపాటు."

స్టేషను వైపు నుంచి అనౌన్స్‌మెంటు ముక్కలు ముక్కలుగా వినిపించింది. స్వాతి చెప్పింది అబద్ధమై ఉంటే ప్రసూన దోషి అయ్యేది. పూర్తిగా నిజమైతే తనదే న్యాయం. ఈ రెంటికీ ఆమె తయారుగా ఉంది. మనిషి పొగిడి, ఆ పొగడ్త మీదే నలుగురితో కలిసి నవ్వగలడన్నదానికి తయారుగా లేదు. రజను ఉంది. బేరింగు మాత్రం బిగుసుకోలేదు.

"ఆ నవ్వుకి నిన్ను ఊరికే ఒగ్గీలేను," అంది చివరికి. ఆఫీసు తెలుగు తప్పి, పుట్టింటి మాట వచ్చింది.

"ఒగ్గొద్దు," అన్నాడు శివాజీ.

ఆమె లోపలికి వెళ్ళి డ్రాయింగులో కడియాన్ని తిరిగి పెట్టింది. పక్కన ఒక వాక్యం రాసింది: బిరడా తీసి చూశాకే లాగాలి. పంపేసింది. బయటికి వచ్చేసరికి అసిరమ్మ శివాజీ చేతికి టీ గ్లాసు ఇచ్చి, నెత్తి మీద జుట్టు ఏమైందని అడుగుతోంది.

సూర్యం కోడలి పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "ఏటైంది అమ్మీ? ఇప్పీనావా, తగిలించీనావా?"

ప్రసూన అన్న కూర్చున్న గట్టు మీదే, కాస్త దూరంలో కూర్చుంది.

"ఇంకా దబావ్‌లోనే ఉంది మావయ్యా."