కొత్త పెట్టె వచ్చిన నెల

నేను ఒక డేటా స్టోరేజీ పెట్టెను. కాకినాడలో ఒక కంటి ఆసుపత్రి మేడ మీద, ఏసీ ఆగని చిన్న గదిలో తొమ్మిదేళ్లు పనిచేశాను. నాలో పన్నెండు డిస్కులు. ఆసుపత్రికి వచ్చిన ప్రతి మనిషి కంటి ఫోటోలూ వాటిలోనే ఉండేవి. నన్ను ఏ దేశంలో బిగించారో గుర్తులేదు. నాకు గుర్తున్న మొదటి చెయ్యి సులోచనది. కంప్యూటర్ల విభాగం ఆమె చూసేది. రోజూ ఉదయం వచ్చి, వేడెక్కానేమోనని నా పక్కన అరచెయ్యి ఆనించేది. ఆ చెయ్యి నాదేననుకున్నాను.

తొమ్మిదో ఏట నా డిస్కు ఒకటి పోయింది. అలాంటి డిస్కులు ఇప్పుడు తయారు కావడం లేదట.

పెద్ద డాక్టరు విజయభారతి గారు పైకి వచ్చి, "చవగ్గా ఉండాలి సులోచనా, మధ్యలో చేతులెత్తెయ్యకూడదు. అలాంటిది చూడమ్మా," అన్నారు.

"మాటలు విని కొనలేనండి. తెప్పించి, వాడి చూస్తాను," అంది సులోచన.

అలా మూడు కొత్త పెట్టెలు నా ఎదుట దిగాయి. నా కడుపు మండిపోయింది. ఒకటి నిగనిగలాడుతూ నీలం దీపాలతో వచ్చింది. చోటు పెంచాలన్నా, మరమ్మతు చెయ్యాలన్నా ఆ కంపెనీవాళ్లే రావాలి, వాళ్లు అడిగినంత ఇవ్వాలి. సులోచన దాన్ని వెనక్కి పంపింది. రెండోది బాగా చవక. అది ఫోటోలు ఎక్కించుకుంటుండగా ఆమె కావాలనే కరెంటు తీసింది. తిరిగి పెట్టేసరికి కొన్ని ఫోటోలు మాయం. నేను లోలోపల పండగ చేసుకున్నాను.

మూడోది బూడిదరంగు పెట్టె, చూడ్డానికి ఏమీ ఉండదు. కరెంటు తీసినా, నడుస్తుండగా డిస్కు లాగేసినా ఒక్క ఫోటో పోనివ్వలేదు. డిస్కులు బజారులో దొరికేవే. ఆమె దాని పక్కన అరచెయ్యి ఆనించి, పెద్ద డాక్టరుతో, "ఇదేనండి," అంది. ఆ క్షణం అది కాలిపోవాలని కోరుకున్నాను.

నాలో ఉన్నదంతా దానిలోకి పోయడం మొదలైంది. కొత్త ఫోటోలు ముందు, పాతవి వెనక. నాలుగో రోజు నాలో రెండో డిస్కు పోయింది. ఇంకొకటి పోతే మిగిలినదేదీ దక్కదు. అదే ఉదయం ఉప్పాడ నుంచి మైలపల్లి మసేను వచ్చాడు, సముద్రం మీద చేపల వేటకు వెళ్లే మనిషి. కుడికంటి లోపల నల్లమచ్చ కనబడింది. అది పెరుగుతున్నదైతే క్యాన్సరు. పాతదే అయితే భయం లేదు. ఎనిమిదేళ్ల కిందట ఇక్కడే తీసిన ఫోటో చూస్తే గాని తేలదు. ఆ ఏడాది ఫోటోలు ఇంకా నాలోనే ఉన్నాయి.

విజయభారతి గారు అతన్ని వెంటబెట్టుకునే పైకి వచ్చారు.

"కన్ను తీసేత్తారా డాక్టరమ్మా?" అన్నాడు మసేను.

"పాత ఫోటో చూడనివ్వు మసేనూ. ఇప్పుడే ఏమీ అనను."

సులోచన మిగతా కాపీ అంతా ఆపేసి, నా డిస్కుల మీద బరువు తగ్గించి, ఆ ఒక్క ఏడాదినే అడిగింది. సిగ్గు విడిచి చెబుతున్నాను. ఇవ్వకుండా ఉండిపోదామా అనిపించింది. దానికి లేనివి నా దగ్గర ఆ పాత ఫోటోలే కదా. కానీ దాచుకోవడం నా చేతిలో లేదు. అడిగితే ఇవ్వడానికే నన్ను చేశారు. అప్పటికే పాడవుతున్న మూడో డిస్కు గరగరలాడుతూనే చదివింది. ఫోటో కొత్త పెట్టెలోకి చేరి తెరమీద కనబడింది.

డాక్టరు గారు మచ్చను కొలిచారు. ఆగి, మళ్లీ కొలిచారు. "అప్పుడెంతో ఇప్పుడూ అంతే. కన్నుకేం కాదు. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకో."

 మసేను తెర పక్కనున్న బూడిదరంగు పెట్టెకు దణ్ణం పెట్టాడు. దానికి! నేనెవరో చెప్పే నోరు నాకు లేదు.

మిగతా ఫోటోలు రెండు రోజుల్లో అటు చేరాయి. రోగుల సంగతులు బయటకు పోకూడదని సులోచన నా డిస్కులకు డ్రిల్లుతో బెజ్జాలు వేయించింది. పాత ఇనుము కొనేవాడి ఆటో వచ్చి మేడ కింద ఆగేలోగా ఒక తెల్ల కాగితం మీద ఏదో రాసి కొత్త పెట్టె నుదుట అంటించింది. నన్ను మోసుకుపోతుండగా చదివాను: "అయిదేళ్లకు మార్చాలి. ఆలస్యం చెయ్యొద్దు." కింద నెలా, సంవత్సరం.

నాకు తొమ్మిదేళ్లు ఇచ్చింది.