గూబపిల్లలు బతికిన బొరియ

ఎడెల్మీరాకి ఒళ్ళు మండిపోయింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె కుక్క చిస్పా జాడ లేదు. మరిది ఫౌస్తో చూస్తే, పొద్దున్నే కెటిల్ పక్కన పెట్టుకుని తీరిగ్గా మాతే కషాయం పీలుస్తున్నాడు.

"నీ వెనకే పోయింది కదరా! ఎక్కడ వదిలేశావ్?"

"విస్కాచాని తరుముకుంటూ పోయింది వదినా. ఆకలేస్తే అదే వస్తుందిలే."

విస్కాచాలంటే కుందేళ్ళకి అన్నల్లాంటివి, బొరియలు తవ్వి పచ్చికబయలంతా గుల్ల చేసిపెడతాయి. కిందటి వారం వాళ్ళ ఎర్ర గుర్రం ఓ బొరియలో కాలు పెట్టి విరగ్గొట్టుకుంటే తుపాకీతో కాల్చేయాల్సొచ్చింది. అందుకే నిన్న ఫౌస్తో ఆ బొరియలన్నిటి నోళ్ళలో రాళ్ళు కుక్కి, పైన తడిమట్టి దట్టించి వచ్చాడు.

"లోపల ఏముందో చూసే మూశావా?"

"చెవి పెట్టి విన్నాను. పెద్ద బొరియలో గిలకపాము, అదే తోక గలగలలాడించే విషప్పాము, బుస కొడుతోంది. ఆ బొరియనే గట్టిగా బిగించాను."

"ఇక్కడ గిలకపాము ఎక్కడిదిరా! నా యాభై ఏళ్ళలో ఒక్కటి చూస్తే ఒట్టు."

"ఉత్తరాన సాల్టాలో పదేళ్ళు పశువులు కాశాను. ఆ చప్పుడు నాకు తెలీదా వదినా?"

ఎడెల్మీరా గునపం అందుకుంది. ఫౌస్తో పార పట్టుకుని వెనకే నడిచాడు.

పెద్ద బొరియ ముందు ఎండుపేడ ముక్కలు, పేడపురుగుల రెక్కల డిప్పలు చెల్లాచెదురుగా పడున్నాయి. మట్టిగడ్డ మీద ఓ గూబ పొడుగు కాళ్ళ మీద నిలబడి, గుంజీలు తీస్తున్నట్టు లేస్తూ కూర్చుంటూ వాళ్ళని తిట్టిపోస్తోంది.

"ఇది గూబ ఇల్లురా, బుద్ధిలేనోడా! పేడ తెచ్చి గుమ్మంలో పరుస్తుంది. పురుగులు వాటంతటవే వస్తాయి, ఇది తింటుంది. ఎవరైనా దగ్గరికొస్తే దీని పిల్లలు అచ్చం పాములాగే బుస కొడతాయి. నక్క కూడా జడుసుకుని పోతుంది. నువ్వెంత!"

ఫౌస్తో మొహం మాడిపోయింది. ఇద్దరూ మట్టి తవ్వి రాళ్ళు లాగారు. లోపల్నుంచి బుస వినిపించింది. ఎడెల్మీరా భుజందాకా చెయ్యి దూర్చి, పక్క గూట్లోంచి ఒక పిల్లని పైకి తీసింది. కళ్ళు మిటకరించి ఆమె వేలు కొరికింది. ఇంకో మూడు కూడా నిక్షేపంగా ఉన్నాయి.

"బతికే ఉన్నాయిరా!" ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "పిట్టపిల్లలే బతికాయంటే నా చిస్పాకేం! లోపలే ఎక్కడో ఉంటుంది. తవ్వు, తవ్వు!"

ఆ ఆశే ఆమె చేత తప్పు లెక్క వేయించింది. గూబలు నేల కింద పుట్టి పెరిగేవి, పది ప్రాణాలు ఒకేచోట ఊపిరి వదిలి గాలి చెడిపోయినా తట్టుకుంటాయి. కుక్కకి ఆ శక్తి లేదు. చెడుగాలి పట్టిన బావుల్లోకి దీపం దించి, ఆరిపోతుందేమో చూసే మనిషి కూతురు ఆమె, ఈ సంగతి తెలియనిది కాదు. ఆ నిమిషంలో గుర్తు చేసుకోబుద్ధి కాలేదు, అంతే.

బొరియ మలుపు దాటాక ఫౌస్తో పార ఆగిపోయింది. చిస్పా అక్కడే పడుకుని ఉంది, చల్లబడిపోయి. ఏదో వేరే బొరియలోంచి దిగి, లోలోపల కలిసే సొరంగాల్లో దారి వెతుక్కుంటూ ఇటు వచ్చినట్టుంది. ముందుకాళ్ళ గోళ్ళు విరిగి, నెత్తురు మట్టితో గడ్డకట్టింది.

ఎడెల్మీరా దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత గోళ్ళు ఒక్కొక్కటే తుడిచి, తలెత్తింది.

"గోకింది కదరా. నీకు వినపడలేదూ?"

ఫౌస్తో టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "వినపడింది వదినా. పాము కొట్టుకుంటోందనుకున్నా. ఇంకో రాయి పెట్టా."

"ఎంతసేపు గోకింది?"

"పని అయిందని ఇక్కడే కూర్చుని మాతే కాచుకున్నా," అన్నాడు నేల చూపులు చూస్తూ. "కెటిల్ ఖాళీ అయ్యేదాకా గోకుతూనే ఉంది."